మొక్క మంచిదే, ఎండబెట్టిందెలా?

శొంఠి లేని కషాయం లేదంటారు. ఆ శొంఠి ఎండిన అల్లమేగా అని తేలిగ్గా తీసెయ్యకండి. పచ్చి అల్లంలోని జింజరాల్ అనే ఘాటు పదార్థం ఎండే క్రమంలో కొంత షోగాల్‌గా మారి ఘాటెక్కుతుంది. దుంప అదే, మందు వేరు. మూలికా మందు సీసా మీద మాత్రం మొక్క పేరు, ఆకు బొమ్మ, పక్కన 'నూరు శాతం సహజం'. ఎలా ఎండబెట్టారు, ఎంతసేపు ఉడికించారు? ఆ ఊసే ఉండదు. నన్నడిగితే చెప్పాల్సిందే అది.

వత్సనాభి దుంపనే తీసుకోండి. పచ్చిగా తింటే అందులోని అకోనిటిన్ గుండె లయను చెడగొట్టి ప్రాణం తీయగలదు. గంటల తరబడి ఉడికిస్తే అదే విషం విడిపోయి, తీవ్రత బాగా తగ్గిన పదార్థాలుగా మారుతుంది. ఆయుర్వేదం శోధన, అంటే శుద్ధి, పేరుతో చేయించేదీ ఇలాంటి పనే. ఉడుకు చాలకపోతే విషం విషమే.

అలాగని అన్నిటినీ మరిగించెయ్యడమూ కాదు. మలేరియా మందు కోసం వెతుకుతున్న చైనా శాస్త్రవేత్త తు యూయూకు ఆర్టెమిసియా అనే మొక్క సారంతో ఫలితాలు నిలకడగా రాలేదు. నాలుగో శతాబ్దపు వైద్యగ్రంథం తిరగేస్తే, ఆకును నీళ్లలో నానబెట్టి పిండి ఆ రసం తాగమని ఉంది. కాచమని లేదు! వేడే మందును చంపుతోందని ఆమెకు తట్టింది. 1971లో తక్కువ వేడికే మరిగే ద్రావకం ఈథర్‌తో సారం తీశారు, అది పనిచేసింది. 2015లో నోబెల్ వచ్చింది. మొక్క మారలేదు, పొయ్యి మారింది.

తయారైన సరుకును ల్యాబ్‌లో పరీక్షిస్తే చాలదా అంటారు. పరీక్ష ఉండాల్సిందే. కానీ ల్యాబ్‌కు వెతికిందే దొరుకుతుంది. సరిగా ఆరని వేరుకు బూజు పడితే పుట్టే అఫ్లాటాక్సిన్ అనే విషం బస్తా అంతా సమంగా ఉండదు, అక్కడక్కడా పేరుకుంటుంది. గుప్పెడు నమూనాకు చిక్కకపోవచ్చు. మామూలుగా కాచినా పోదు.

ఎండిన వేరు విరిస్తే టక్కుమనాలి. వంగిందా, లోపల తడి ఉన్నట్టే. దీనికి యంత్రం అక్కర్లేదు, ఓపిక కావాలి. ఆ ఓపికకు ధర కట్టేదెవరు? తూకం మీద కొన్నంతకాలం తడి సరుకు తెచ్చినవాడికే లాభం, శ్రద్ధగా ఎండబెట్టినవాడికి బరువు తగ్గి నష్టం. రంగు చూసి కొంటే గంధకం పొగ పెడతారు; వేరు తెల్లగా మెరుస్తుంది, లోపల సల్ఫైట్లనే గంధక రసాయనాలు మిగులుతాయి. మూలికల ప్రాసెసింగ్‌పై ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లోనే మార్గదర్శకాలిచ్చింది. వాటిని అమలు చేయాల్సింది ఎండబెట్టే మనిషి. అతనికి కూలి గిట్టనప్పుడు ఆ కాగితాలు ఎవరికోసం? ముందు కొనేచోట తేమ కొలిచి, పొడి సరుకుకు ఎక్కువ ధర ఇవ్వండి. 'సహజం' అన్న మాట చెరిపి, అక్కడ ఎండబెట్టిన తీరు, తేదీ రాయండి.