ఆకు అదే, నేల వేరు, ఒళ్లు వేరు

గోడకూ కాలిబాటకూ మధ్య పగులులో గంగవావిలి మొలిచింది. ఎర్రటి కాడలు, గరిటెలాంటి దళసరి ఆకులు, ఎండెక్కాక విచ్చుకునే బుల్లి పసుపు పూలు. నేను రోజూ నడిచే దారే. వారం రోజులు చూసి చూసి, ఒక పొద్దున గుప్పెడు కోసి సంచిలో వేసుకున్నాను. ఆ ఇంటి గుమ్మంలో నిలబడ్డ పెద్దావిడ చూసి, "అది పారెయ్యమ్మా, మొన్ననే ఈ వరసంతా కలుపుమందు కొట్టి వెళ్లారు" అన్నారు. నాకు నమ్మబుద్ధి కాలేదు. ఆకు నిగనిగలాడుతోంది, ఎక్కడా మచ్చ లేదు. అయినా ఆవిడ మాట మీద పారేశాను. నాలుగు రోజుల తర్వాత అదే దారిలో వెళ్తే ఆ మొక్కలన్నీ పసుపెక్కి, ముడుచుకుపోయి ఉన్నాయి.

గ్లైఫోసేట్ లాంటి కలుపుమందు పనిచేసే తీరే అంత. ఆకు మీద పడి లోపలికి ఇంకుతుంది, కాడలోంచి వేరు దాకా దిగుతుంది. ఒక్క పంటకాలం బతికే మొక్కల్లో కూడా దాని ప్రభావం పైకి కనిపించడానికి నాలుగు రోజులు, వారం పడుతుంది. ముదురు మొక్కలైతే ఇంకా ఎక్కువ. ఈలోగా ఆకు చూడటానికి అన్ని ఆకుల్లాగే ఉంటుంది. గంగవావిలిని గుర్తుపట్టడంలో నేను పొరబడలేదు. అది నిలబడ్డ నేల సంగతి మాత్రం నాకు తెలియదు. తెలిసిన మనిషి వేళకు గుమ్మంలో ఉండబట్టి సరిపోయింది.

నగరంలో మూలికల మీద మళ్లీ ఆసక్తి పుట్టడం నాకు నిజంగా సంతోషం. కాళ్ల కింది పచ్చదనానికి పేర్లున్నాయని పిల్లలకు తెలియడమే పెద్ద విషయం. కానీ ఫోన్లలో చేతులు మారుతున్న మూలికా జ్ఞానం చూస్తే దిగులేస్తుంది. ఫలానా బాధకు ఫలానా ఆకు, ఇన్ని చెంచాలు, ఇన్నాళ్లు. అంతే. ఎక్కడ మొలిచింది కొయ్యాలి, దేన్ని చూసి ఇదే అనుకుని మోసపోతాం, ఎవరికి ఇవ్వకూడదు అన్న మాటలు అందులో ఉండవు. అడిగితే వచ్చే జవాబు ఒకటే: "పెద్దలు తరతరాలుగా వాడారు కదా!" వాడారు, నిజమే. మొక్క ఇప్పటికీ అదే మొక్క. అయితే అది పెరిగే నేల మారింది, దాన్ని మింగే ఒళ్లు కూడా మారింది. మూడింటిలో రెండు మారినప్పుడు పాత అనుభవాన్ని యథాతథంగా హామీపత్రంలా చూపించడం కుదరదు.

ముందు నేల సంగతి. పెట్రోలులో సీసం కలిపి అమ్మడం 1923లో మొదలైంది. కార్లకు దాన్ని అమ్మిన చివరి దేశం అల్జీరియా 2021లో ఆపేసింది. దాదాపు నూరేళ్ల పాటు బండ్ల గొట్టాల నుంచి వెలువడిన సీసం రోడ్ల పక్క మట్టిలో దిగి కూర్చుంది. సీసం కుళ్లదు, ఆవిరైపోదు. పాత గోడల నుంచి పెచ్చులూడిన రంగుల్లోనూ అది ఉంటుంది. కాబట్టి ఈ రోజు బండ్లు తిరగని సందు అయినా పాతకాలపు గోడ మొదలు శుభ్రమైన నేల అని అనుకోవడానికి లేదు. సీసంలో ఎక్కువ భాగం వేరు దగ్గరే ఆగిపోతుంది. ఆకు మీద ఉండేది చాలావరకు దుమ్ము, అది కడిగితే పోతుంది. కాడ్మియం అనే మరో విషలోహం అలా కాదు, వేరు నుంచి ఆకులోకి తేలిగ్గా ఎక్కుతుంది. దాన్ని ఎంత కడిగినా లాభం లేదు.

అలాగని నగరంలో మొలిచిన ప్రతి ఆకూ విషమేనని బెదిరించడం కూడా అబద్ధమే అవుతుంది. 2012లో వెలువడిన ఒక అధ్యయనంలో, బెర్లిన్ నగరం నడిబొడ్డున పండించిన కూరగాయల్ని పరీక్షించినప్పుడు రద్దీ రోడ్డు దగ్గరివాటిలో లోహాలు ఎక్కువగా కనిపించాయి. రోడ్డుకూ మడికీ మధ్య ఒక భవనమో దట్టమైన చెట్ల వరసో అడ్డుంటే సీసం తగ్గింది. 2019లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీ పరిశోధకులు శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతానికి తూర్పు ఒడ్డునున్న ఊళ్లలో వీధుల పక్క మొలిచిన అడవి ఆకుకూరల్ని కోసి, కడిగి, పరీక్షించిన ఫలితాలు ప్రచురించారు. కొన్నిచోట్ల మట్టిలో లోహాలు ఎక్కువే ఉన్నా, కడిగిన ఆకుల్లో ఆందోళన పడాల్సినంత కనిపించలేదు. ఈ రెండింటినీ కలిపి చదివితే నాకు అర్థమయ్యేది ఇది: నగరమంతా ఒకే నేల కాదు, పది అడుగులకు ఒక నేల. ఆకు కోసే ముందు ఆ జాగా చరిత్ర తెలియాలి. ఇంతకుముందు అక్కడ ఏముండేది, మెకానిక్ షెడ్డా, పెట్రోలు బంకా, చెత్తకుప్పా? వాననీళ్లు ఎటు నుంచి వచ్చి అక్కడ నిలుస్తాయి? కుక్కలు ఏ మూలకు వెళ్తాయి?

మందుగా వాడేవాళ్లు పట్టించుకోని లెక్క ఇంకొకటుంది. పచ్చి ఆకులో సుమారు తొంభై శాతం నీరే. ఎండబెట్టి పొడి చేస్తే నీరు పోతుంది గానీ లోహం ఎక్కడికీ పోదు. అంటే అదే బరువు పొడిలో దాదాపు పది రెట్ల చిక్కదనంతో అది ఉంటుంది. ఒకసారి నాలుగు ఆకులు తినడం వేరు, అదే ఆకు పొడిని రోజూ రెండు చెంచాలు నెలల తరబడి మింగడం వేరు. వేళ్ల పొడితో ఇంకా జాగ్రత్తగా ఉండాలి, సీసం ఆగేదే అక్కడ.

తడి నేలల మూలికలు మరో తలనొప్పి. సరస్వతి ఆకు, పొన్నగంటి లాంటివి చెమ్మ ఉన్నచోట అల్లుకుపోతాయి. నగరంలో చెమ్మ అంటే చాలాసార్లు మురుగే. సరస్వతి ఆకును పచ్చిగా నమిలేవాళ్లు ఎక్కువ కాబట్టి అందులోని సూక్ష్మజీవులు నేరుగా కడుపులోకి వెళ్తాయి. కాలువ గట్టున కోసిందయితే నేను దాన్ని తాకను.

ఇక గుర్తుపట్టడం. గంగవావిలి పక్కనే, అదే పగులులో, అంతే చదునుగా పరుచుకుని నానబాలు జాతి మొక్కలు పెరుగుతాయి. నిలబడి చూస్తే రెండూ ఒకటే. వంగి ఒక కాడ తుంచితే తేడా తెలిసిపోతుంది. గంగవావిలి కాడ కండపట్టి ఉంటుంది, తుంచితే చుక్క నీరు వస్తుంది. నానబాలు కాడ దారంలా సన్నగా ఉండి, తెల్లటి పాలు కారుతాయి. ఆ పాలు చర్మానికీ కళ్లకూ మంట పుట్టిస్తాయి. ఇలాంటి తేడా ఫోటోలో దొరకదు, వేళ్లకే తెలుస్తుంది. ఫోన్ యాప్ చెప్పిన పేరును వెతుకులాటకు మొదటి మెట్టుగా తీసుకోవచ్చు, నోట్లో పెట్టుకోవడానికి అనుమతిగా తీసుకోకూడదు.

పేర్లే మోసం చేసే సందర్భాలూ ఉన్నాయి. బ్రాహ్మి అంటే ఒకరు సరస్వతి ఆకును చూపిస్తారు, ఇంకొకరు నీటి ఒడ్డున పెరిగే సన్నని ఆకుల బకోపాను చూపిస్తారు. ఆ రెండింటి మధ్య పొరపాటు జరిగినా పెద్ద ప్రమాదం ఉండకపోవచ్చు. కానీ 1990ల మొదట్లో బ్రస్సెల్స్‌లో జరిగింది వేరు. బరువు తగ్గించే ఒక క్లినిక్‌లో ఇచ్చిన మూలికల మిశ్రమంలో, స్టెఫానియా అనే మొక్కకు బదులు పేరు దగ్గరగా ఉన్న అరిస్టొలోకియా చేరింది. చైనా భాషలో రెండింటి పేర్లూ 'ఫాంగ్‌జీ' అనే ముగుస్తాయి. వైద్యులు 1993లో ఈ సంగతి ప్రచురించారు. చివరికి వంద మందికి పైగా మూత్రపిండాలు దెబ్బతిన్నట్టు తేలింది. చాలామందికి డయాలిసిస్సో మూత్రపిండ మార్పిడో తప్పలేదు. అరిస్టొలోకిక్ ఆమ్లం క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం తేల్చింది. తెలుగులో గాడిదగడప, ఈశ్వరి అని పిలిచే మొక్కలు ఈ అరిస్టొలోకియా ప్రజాతివే. వాటిని కడుపులోకి తీసుకోమని చెప్పే సందేశం మీ దగ్గరకు వస్తే దయచేసి ఇంకొకరికి పంపకండి.

తిప్పతీగ సంగతీ అలాంటిదే. 2021లో ముంబయి వైద్యులు తిప్పతీగ వాడిన తర్వాత కాలేయం దెబ్బతిన్న ఆరుగురి వివరాలు ప్రచురించారు. అది తిప్పతీగ పనేనా, దాన్ని పోలిన టినోస్పోరా క్రిస్పా అనే మరో తీగ పనా అని వాదన నడిచింది. ఆ రెండో తీగ కాడ నిండా బుడిపెలుంటాయి, ఆకులు రెండింటివీ హృదయాకారమే. ఆ వాదనలో ఎవరు గెలిచినా, పార్కు కంచె మీద నుంచి తీగ లాగి కషాయం కాచుకునే మనిషికి హెచ్చరిక ఒకటే: ఏ తీగో తెలియదు, తెలిసినా ఎంత మోతాదులో ఎన్నాళ్లు వాడొచ్చో తెలియదు.

ఒంటి సంగతి దగ్గర నాకు ఎక్కువ భయం. నగరంలో నడివయసు దాటినవాళ్లలో రోజూ మాత్ర వేసుకోనివాళ్లను వెతుక్కోవాలి. రక్తపోటుకు ఒకటి, చక్కెరకు ఒకటి, రక్తం గడ్డకట్టకుండా ఇంకొకటి. మన ముత్తాతల ఒంట్లో ఇవి లేవు. కాబట్టి వాటికీ ఆకుకూ మధ్య ఏం జరుగుతుందో వాళ్ల అనుభవం చెప్పలేదు. దిగులు తగ్గడానికి ఐరోపాలో చాలామంది తాగే సెయింట్ జాన్స్ వర్ట్ అనే మూలిక కాలేయాన్ని పురిగొల్పి చాలా మందుల్ని త్వరగా బయటికి పంపించేస్తుంది. గుండె మార్పిడి జరిగిన ఇద్దరికి ఈ మూలిక వల్ల, మార్చిన అవయవాన్ని ఒళ్లు తిప్పికొట్టకుండా ఇచ్చే సైక్లోస్పోరిన్ అనే మందు పనిచేయక, ఒళ్లు కొత్త గుండెను తిప్పికొట్టబోయిందని జ్యూరిక్ వైద్యులు 2000లో నివేదించారు. అతిమధురం గొంతుకు హాయిగానే ఉంటుంది, రోజూ ఎక్కువగా వాడితే పొటాషియం పడిపోయి రక్తపోటు పెరుగుతుంది. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ వాడేవాళ్లు ఉన్నట్టుండి ఆకుల మోతాదు పెంచితే అందులోని విటమిన్ కె ఆ మందుకు ఎదురు పనిచేస్తుంది. గంగవావిలిలో ఆక్సలేట్లు ఎక్కువ, మూత్రపిండాల్లో రాళ్లున్నవాళ్లకు అది పనికిరాదు.

పుట్టుకతో వచ్చే తేడాలు వేరే ఉన్నాయి. కుప్పింటాకు కుండీల పక్కన, మెట్ల మూలల్లో విరివిగా మొలిచే మొక్క. జి6పిడి అనే ఎంజైము తక్కువగా ఉన్నవాళ్లు దాన్ని తింటే ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయని శ్రీలంక వైద్యులు నమోదు చేశారు. ప్రపంచంలో సుమారు 40 కోట్ల మందికి ఈ లోపం ఉందని అంచనా. వాళ్లలో చాలామందికి ఆ సంగతే తెలియదు. ఇంట్లో పదిమందికి పడిన ఆకు పదకొండో మనిషిని ఆసుపత్రి పాలు చేయడం ఇలాగే.

మూలికల్లో మందు లేదని నేను అనను. మాచిపత్రి జాతికి చెందిన ఒక మొక్క నుంచి మలేరియా మందు ఆర్టెమిసినిన్ తీసినందుకే చైనా శాస్త్రవేత్త తు యూయూ 2015లో నోబెల్ అందుకున్నారు. ఆ మొక్కను నీళ్లలో నానబెట్టి రసం పిండమని నాలుగో శతాబ్దపు చైనా గ్రంథం చెప్పిన మాటే ఆమెకు దారి చూపింది. వేడికి గుణం చెడుతోందని గ్రహించి, తక్కువ వేడిలో మరిగే ఈథర్‌తో ఆమె దాన్ని తీశారు. అయినా అదే ఆకు టీ కాచుకుని మలేరియాకు తాగడాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో కూడా సమర్థించలేదు. ఒక్కో ఆకులో మందు ఒక్కోలా ఉంటుంది, చాలీచాలని మోతాదుకు రోగక్రిమి రాటుదేలుతుంది. జబ్బు పేరు వినిపించిన చోట ఇంటి వైద్యం ఆగిపోవాలనే నా అభిప్రాయం. గన్నేరు, ఉమ్మెత్త లాంటివాటి జోలికైతే అసలే వెళ్లకూడదు. గన్నేరు విషం ఎండబెట్టినా పోదు, ఉడికించినా పోదు.

కోసే హక్కు గురించి కూడా ఒక మాట. 1986లో న్యూయార్క్ సెంట్రల్ పార్కులో డాండెలియన్ అనే కలుపు మొక్క ఆకు కోసి తిన్నందుకు స్టీవ్ బ్రిల్ అనే ప్రకృతి ప్రేమికుణ్ణి అరెస్టు చేశారు. జనం గోల చేయడంతో, చివరికి ఆ పార్కుల శాఖే ఆయన్ను ఉద్యోగంలో పెట్టుకుని జనానికి మొక్కలు చూపించమంది. కథ బాగుంది. కానీ ఒక పార్కుకు ఒక బ్రిల్ వస్తే ఫరవాలేదు, వెయ్యి మంది సంచులతో వస్తే ఏమవుతుంది? ఆకు కోస్తే మళ్లీ చిగురిస్తుంది. వేరు తవ్వితే మొక్క పోతుంది. చుట్టూ బెరడు ఒలిస్తే ఎంత పెద్ద మాను అయినా ఎండిపోతుంది, ఎందుకంటే ఆకు తయారు చేసిన ఆహారం వేరుకు దిగే దారి ఆ బెరడులోనే ఉంది. వీధి చెట్టు బెరడును ఎవరూ ముట్టుకోకూడదు.

కలుపుమందు సంగతి జరిగాక నేను వీధిలోంచి ఆకు తేవడం మానేశాను. ఇప్పుడు తెచ్చేది గింజలు. పాత మట్టి నుంచి గింజ మోసుకొచ్చేది లేశమాత్రమే. మొక్క ఒళ్లంతా నేను పోసిన మట్టిలోంచే తయారవుతుంది, ఆ మట్టి చరిత్ర నాకు తెలుసు. గంగవావిలి కాయ పండితే పైన చిన్న టోపీలాంటి మూత ఊడొస్తుంది. లోపల నల్లటి గింజలు, ఆవగింజ కన్నా ఎంతో చిన్నవి, అరచేతిలో దులిపితే ధూళి అనుకుంటాం. వాటిని పాతిపెట్టకూడదు, మొలవడానికి వెలుతురు కావాలి. తడిపిన మట్టి మీద చల్లి, వేలితో అలా అద్ది వదిలేయాలి. వెచ్చని రోజుల్లో వారం పది రోజులకు ఎర్రటి మొలకలు కనిపిస్తాయి. మొన్న ఆ పెద్దావిడకు ఒక కుండీ ఇచ్చి వచ్చాను. గుమ్మం పక్కన ఎండ తగిలేచోట పెట్టుకున్నారు.