బుడగల లెక్క తేలేదాకా మురుగు కదలరాదు

గోదావరి డెల్టా చేలలోంచి మీథేన్ ఎంత పైకి పోతోందో శాస్త్రీయంగా తేల్చాలని ప్రభుత్వం ప్రణాళిక వేస్తే మనసారా స్వాగతించాలి. ఇరవై ఏళ్ల లెక్కన చూస్తే కార్బన్ డయాక్సైడ్ కంటే దాదాపు 80 రెట్లు వేడి పట్టి ఉంచే వాయువది. అంతటి ప్రమాదకారి ధవళేశ్వరం దిగువన ఏ అనుమతీ లేకుండా తిరుగుతుంటే అడంగల్‌లో దానికొక గడి కూడా లేకపోవడం పరిపాలనకే తలవంపు.

కొలిచే పద్ధతి తెలిసిందే. వరి దుబ్బుల మీద పారదర్శకమైన పెట్టె బోర్లించి, కొన్ని నిమిషాలకోసారి లోపలి గాలిని సిరంజితో లాగి ప్రయోగశాలకు పంపాలి. పక్కన నిలబడ్డవాడు బురదలో కాలు కదిపితే చాలు, అడుగున ఉన్న బుడగలు లేచి లెక్క పాడవుతుంది. అందుకని గట్టు మీంచి పెట్టె దాకా చెక్కబల్లల దారి వేస్తారు. ధాన్యం బస్తాలు దాటించడానికి మురుగు కాలువ మీద వంతెన అడిగి అడిగి అలిసిన ఊళ్లవారు ఇది గమనించాలి. ఈసారి అర్జీలో బస్తాల ఊసెత్తకుండా సిరంజి కోసమని రాస్తే సరి.

చిక్కల్లా ఒక్కటే. నీరు నిలిచి గాలి చొరని బురదలో సూక్ష్మజీవులు మీథేన్‌ను తయారుచేస్తాయి, వరి కాడలోని బోలు దారి దాన్ని బయటికి చేరుస్తుంది. మడిని మధ్యమధ్య ఆరగడితే ఆ ఉత్పత్తి తగ్గుతుంది. చిల్లుల గొట్టం ఒకటి పాతి, అందులో నీటిమట్టం నేలకు 15 సెంటీమీటర్ల కిందికి దిగాక మళ్లీ తడి పెట్టమంటారు శాస్త్రవేత్తలు. రైతు గొట్టం పాతుతాడు. వానాకాలపు సార్వాలో ఆ నీరు దిగితే కదా! పై చేని నీరు ఈ చేలోకి, ఈ చేనిది కింది చేలోకి, అక్కడినుంచి మురుగు కాలువలోకి పోవాలి. కాలువ నిండా గుర్రపుడెక్క, అడుగున పూడిక. సముద్రం పోటు మీదుంటే పోయిన నీరే ఎదురొస్తుంది.

పూడిక తీయించవచ్చుగా అని తొందరపాటు మనుషులు అడుగుతారు. శాస్త్రం తెలియని మాట. కాలువ బాగుచేస్తే చేలు ఆరతాయి, చేలు ఆరితే మీథేన్ తగ్గుతుంది, తగ్గితే పెట్టెలు కొన్నవాళ్లు ఏం కొలవాలి? కాబట్టి తొలి గణాంకాలు స్థిరపడేదాకా గుర్రపుడెక్కను పరిశోధన ఆస్తిగా ప్రకటించి, ఆ మేరకు కాలువలు చూసే లస్కర్లకు లిఖితపూర్వక ఆదేశాలివ్వాలి.

2030 నాటికి మీథేన్‌ను 30 శాతం తగ్గిస్తామని 2021లో గ్లాస్గో వాతావరణ సదస్సులో చాలా దేశాలు ప్రతిన పూనాయి. మన దేశం చేరలేదు. కోనసీమ రైతులైతే అంతకు పదేళ్ల ముందే, 2011 సార్వాలో, వేలాది ఎకరాలకు పంట విరామం ప్రకటించి ఊడ్పులే మానేశారు. గిట్టుబాటు కాకనే మానేశారనుకోండి. అయినా ఒక్క ప్రశంసాపత్రమైనా ఇవ్వవలసింది.

అన్నట్టు, ఇదే కోనసీమ నేల అడుగున బావుల్లో దొరికే సహజవాయువులో అత్యధిక భాగం మీథేనే. అది ఘనపు మీటర్ల లెక్కన అమ్ముడుపోయే సంపద కనుక దాని జోలికి ఈ ప్రణాళిక పోనక్కర్లేదు.

చివరగా ఒక నిబంధన తప్పనిసరి. వాన ముంచెత్తిన రాత్రి, పంట కుళ్లిపోతోందని గట్టు తెగ్గొట్టి నీరు వదిలిన రైతు మీద గణాంకాలు తారుమారు చేసిన నేరానికి కేసు పెట్టాలి. పార సాక్ష్యంగా స్వాధీనం చేసుకోవాలి.