లక్ష రూపాయల చెవులకు రక్షణ కావాలి

హైదరాబాద్‌లో ఒక అల్పసంఖ్యాక వర్గానికి ఘోరమైన అన్యాయం జరుగుతోంది. లక్ష పోసి ఇన్-ఇయర్ ఇయర్‌ఫోన్స్ కొన్నవాళ్ల సంగతి ఇది. బంజారాహిల్స్ గజానికీ ఘట్‌కేసర్ గజానికీ ఉన్న తేడా ఇవాళ్టికీ పదిలంగానే ఉంది. చెవుల దగ్గరికొచ్చేసరికి మాత్రం, నాగోల్‌లో మెట్రో ఎక్కిన డిగ్రీ కుర్రాడి రెండు వేల వైరు, రాయదుర్గంలో దిగే మేనేజరు గారి లక్ష రూపాయల వైరుతో సిగ్గూ ఎగ్గూ లేకుండా భుజాలు రాసుకుంటోంది. దీనికి అనుమతి ఎవరిచ్చారో విచారణ జరగాలి.

ఒకప్పుడు ఈ బాధ లేదు. ఐదు వందల ఇయర్‌ఫోన్ తన హద్దుల్లో తానుండేది. బేస్ వచ్చి గొంతును మింగేసేది, తాళాలు మోగితే చెవి గీసుకుపోయేది, నాలుగు నెలలు తిరక్కుండా జాక్ మొదట్లో వైరు తెగేది. ఈ ఏర్పాటును చెడగొట్టింది చైనా కంపెనీలు. మూన్‌డ్రాప్ చూ 2, సెవెన్ హెర్ట్జ్ జీరో లాంటివి విప్పి చూస్తే ఒక్కో వైపు 10 మి.మీ. డైనమిక్ డ్రైవరు, అంటే శబ్దం పుట్టించే బుల్లి స్పీకరు, ఒక్కటే ఉంటుంది. ఎక్కువమంది చెవికి ఏ తీరు ధ్వని నచ్చుతుందో హార్మన్ సంస్థ పరిశోధకులు గ్రాఫు గీసి మరీ బయటపెట్టేశారు. ఆ గీత దగ్గరికి చేరడానికి కావలసింది ఇయర్‌ఫోన్ డబ్బాకు గాలి ఆడే సన్నని రంధ్రం, డ్రైవరు వెనక సరిపడా ఖాళీ, మూతి దగ్గర తగిన మందంలో ఒక జాలీ. ఇందులో బంగారంతో చేసేది ఏముంది? రంధ్రానికి ఎంతని వెల కడతారు?

దీనికి తోడు జెరోయెన్ బ్రేబార్ట్ అనే పరిశోధకుడు 2017లో అగ్నికి ఆజ్యం పోశారు. 283 హెడ్‌ఫోన్ల కొలతలు ముందేసుకుని, ఫ్రీక్వెన్సీ రెస్పాన్స్‌కీ (ఏ స్థాయి శబ్దం ఎంత గట్టిగా పలుకుతుందనే లెక్క) ధరకీ సంబంధం కనిపించలేదని అమెరికా అకౌస్టికల్ సొసైటీ జర్నల్‌లో అచ్చేయించారు. కొన్నవాళ్ల మనోభావాలు కొలవకుండా ఇలాంటివి అచ్చేయడం ఏం మర్యాద?

పోనీ అంకెలు చూపించి పరువు నిలబెట్టుకుందామా అంటే అదీ కుదరదు. బడ్జెట్ వర్గానికి చెందిన కేజెడ్ జెడ్‌ఎస్10 ప్రోలో చెవికి ఐదేసి డ్రైవర్లు. 2021లో సుమారు 1,300 డాలర్ల ధరతో వచ్చిన సెన్‌హైజర్ ఐఈ 900లో చెవికి ఒక్కటే, అదీ 7 మి.మీ.ది. కాబట్టి డ్రైవర్ల లెక్క అడిగినవాడి ముందు మాట మార్చడం మంచిది.

ఈ పరిస్థితుల్లో ఖరీదైన వర్గం తన జాగ్రత్తలో తానుండాలి. అన్నిటికన్నా ముఖ్యం, రెండిటినీ పోల్చేటప్పుడు వాల్యూం సమానం చేయనివ్వకూడదు. షాపులో బేరం ఎప్పుడూ ఇలాగే సాగాలి:

"అన్నా, రెండు వేలది, ముప్పై వేలది రెండూ ఒక్క తీరే వినొస్తున్నయ్."

"ముప్పై వేలదానికి జర సౌండ్ పెంచు తమ్మీ. ఆఁ... ఇప్పుడు?"

"ఇప్పుడు మస్తుగుంది అన్నా!"

"చూసినవా? ముప్పై వేలంటే గట్లుంటది మరి."

షాపాయన అబద్ధమాడలేదు. ఒకటి రెండు డెసిబెళ్లు పెరిగితే చెవి దాన్ని 'పెరిగింది' అనుకోదు, 'బాగుంది' అనుకుంటుంది. ఒకే వాల్యూం మీద పెట్టినా రెండు ఇయర్‌ఫోన్ల సెన్సిటివిటీ వేరు కాబట్టి ఏదో ఒకటి గట్టిగానే పలుకుతుంది. అరడెసిబెల్ తేడా కూడా లేకుండా సరిచేసి వినిపించే దుర్మార్గులు ఉంటారు, వాళ్లను దగ్గరికి రానివ్వకండి. కళ్లకు గంతలు కట్టి పరీక్ష పెడతామనేవాళ్లకు మాత్రం భయపడక్కర్లేదు. చెవిలో పెట్టగానే ఏది లోహపు డబ్బానో ఏది ప్లాస్టిక్కో బరువును బట్టే తెలిసిపోతుంది. ఇది ప్రకృతి మనకిచ్చిన వెసులుబాటు.

తరవాతి ఆయుధం టిప్స్, అంటే మూతికి తొడిగే రబ్బర్లు. పెట్టెలో మూడు సైజులుంటాయి. చవకదానికి వదులుది తొడిగి వినిపించండి, బేస్ మొత్తం పక్కనుంచి జారిపోయి వస్తువు దాని స్థాయికి దిగివస్తుంది. సరిగ్గా పెట్టుకునే పద్ధతి మాత్రం బయటికి పొక్కకూడదు. కుడి చెవికి పెట్టేటప్పుడు ఎడమ చేత్తో చెవి పైభాగాన్ని పైకీ వెనక్కీ లాగాలి, ఇయర్‌ఫోన్‌ను కొద్దిగా తిప్పుతూ లోపలికి నెట్టి అప్పుడు చెవి వదలాలి. వైరు చెవి మీదుగా వెనక్కి పోవాలి. ఫోన్‌లో 40 హెర్ట్జ్ టోన్ పెట్టి రెండు వైపులా ఒకేలా గుయ్యిమంటోందో లేదో చూడాలి, ఒక వైపు పలచబడితే ఆ వైపు సైజు మార్చాలి. కొందరికి రెండు చెవులకూ రెండు సైజులు పడతాయి. ఈ ఒక్క పనితో రెండు వేలదానిలో వచ్చే మార్పు, దాన్నే ముప్పై వేలదానితో మార్చుకుంటే వచ్చే మార్పు కన్నా పెద్దది. అందుకే ఇది రహస్యం.

ఇక న్యాయంగా మాట్లాడుకుందాం. ఖరీదైనదానిలో ఏమీ లేదనడం కూడా అన్యాయమే. మన ఇళ్లలో రాత్రి తొమ్మిది దాటితే మోగేవి 1950లు, 60ల పాటలు. అవన్నీ మోనో, కుడికీ ఎడమకీ ఒకటే శబ్దం. సౌండ్‌స్టేజ్ కోసం, అంటే వాద్యాలు చుట్టూ పరుచుకున్నట్టు వినిపించడం కోసం, లక్ష పోసిన పెద్దమనిషి వాటిలో వెతుక్కోవడానికి స్టేజే లేదు. అయినా తేడా తెలిసేది సరిగ్గా ఇక్కడే. రెండు వైపుల డ్రైవర్లూ ఒకదానికొకటి సరిపోతే గొంతు తల మధ్యలో చుక్కలా నిలబడుతుంది. చవకవాటిలో జోడీ కుదరని సెట్ తగిలితే గాయకుడు ఒక పక్కకు ఒరుగుతాడు, ఒక్కో స్వరానికి ఒక్కోలా కదులుతాడు కూడా. ఇయర్‌ఫోన్స్ కుడి ఎడమలు మార్చి పెట్టుకోండి. ఒరుగు కూడా పక్క మారితే తప్పు వస్తువుది, ఉన్న చోటే ఉంటే చెవిదో, ఆ చెవికి రబ్బరు పట్టిన తీరుదో. మంచి కంపెనీలు డబ్బు తీసుకునేది కొంత దీనికే.

ఇంకొకటి పై స్థాయి. కచేరీ రికార్డింగులో వయొలిన్ కమాను తీగను తాకే గరుకు, మృదంగం కుడి వైపు చాపు, తంబురా జీర. ఖరీదైనది ఇవన్నీ విడివిడిగా, గుచ్చుకోకుండా ఇస్తుంది. చవకదానిలో 8 కిలోహెర్ట్జ్ చుట్టుపక్కల ఒక మొన లేచి ప్రతి 'స'కారం, ప్రతి 'ష'కారం ఈల వేస్తుంది. కాస్త లోతుగా పెట్టుకుంటే ఆ మొన పక్కకు జరుగుతుంది, కొందరికి దాంతోనే పని జరిగిపోతుంది. నా లెక్కలో ఐదు వేల దాకా పెట్టే ప్రతి వెయ్యికీ చెవికి ఏదో దక్కుతుంది. ఆ పైన దక్కేది నానాటికీ సన్నబడుతుంది, ముప్పై వేలు దాటాక చాలావరకు పెట్టె అందం, డబ్బా పనితనం, మెత్తగా పడుండే వైరు. యూట్యూబ్‌లో ఎవరో క్యాసెట్ నుంచి ఎక్కించిన పాటే వినేవాళ్లకు రెండు వేలదే ఎక్కువ.

చెడిపోవడంలో కూడా సమానత్వం రావడం మరీ విచారకరం. ఒక వైపు సౌండ్ తగ్గిపోతే 'డ్రైవరు పోయింది' అంటారు. చాలాసార్లు అది జాలీలో గులిమి. టిప్ తీసి, మూతిని నేలవైపు పట్టుకుని, పొడి మెత్తని బ్రష్‌తో తుడవాలి. పిన్నీసు పెడితే జాలీ చిరుగుతుంది, నోటితో ఊదితే తడి లోపలికి పోతుంది. గులిమికి ధరలు తెలియవు. వైరు మార్చేటప్పుడు 0.78 మి.మీ. రెండు పిన్నుల ప్లగ్గును ఒక వైపు తిరగేసి గుచ్చితే, కుడీ ఎడమా ఒకదానికొకటి ఎదురు కదిలి బేస్ పలచబడినట్టుంటుంది, గొంతు మధ్యలో నిలవక డొల్లగా వినిపిస్తుంది. లక్ష రూపాయల వస్తువు ఈ ఒక్క తప్పుతో ఫుట్‌పాత్ సరుకులా పాడుతుంది. తిప్పి గుచ్చితే చాలు, కానీ చాలామంది ఈలోపే 'బర్న్-ఇన్' (మోగగా మోగగా సౌండ్ బాగుపడుతుందనే నమ్మకం) కోసం నూరు గంటలు మోగించడం మొదలెడతారు.

వైరు వద్దనుకుని ఖరీదైన బ్లూటూత్ బడ్స్ కొన్నవారి కష్టం వేరు. ఎల్‌డాక్ (బ్లూటూత్‌లో పాటను కుదించి పంపే పద్ధతి) సెకనుకు 990 కిలోబిట్లు అని పెట్టె మీద ఉంటుంది. అమీర్‌పేట ఇంటర్‌ఛేంజ్ గుంపులో ఫోన్ చప్పుడు చేయకుండా 330కి దిగిపోతుంది. ఐఫోన్‌లో అయితే ఎల్‌డాక్ అసలే లేదు.

చివరిగా ప్రపంచ ఆరోగ్య సంస్థ. 80 డెసిబెళ్లలో వారానికి 40 గంటలు వినొచ్చు, 90లో అయితే 4 గంటలే అంటుంది. ఈ నియమంలో ధరల పట్టిక లేదు. దిల్‌సుఖ్‌నగర్ హారన్ల మీద గెలవడానికి వాల్యూం పెంచే రెండు వేల చెవికీ అదే 4 గంటలు, లక్ష చెవికీ అదే 4 గంటలు. పై వర్గానికి కనీసం అయిదో గంట మంజూరు చేయాలని కోరుతూ జెనీవాకు పంపడానికి వినతిపత్రం సిద్ధమవుతోంది. సంతకం పెట్టేవాళ్లు బిల్లు జిరాక్స్ జతచేయాలి.