రౌటర్‌కి ఇంత పొగరెందుకో!

సీసీఎన్ఏ (సిస్కో కంపెనీ వాళ్ల నెట్‌వర్కింగ్ సర్టిఫికెట్) నేర్చుకునేవాళ్ల ఓపికకి దండం పెట్టాలి. ఐపీ అడ్రస్ ఇస్తాం, కేబుల్ గుచ్చుతాం. లింకు రాదు! ఎందుకయ్యా అంటే, సిస్కో రౌటర్ పోర్టులన్నీ మొదట షట్‌డౌన్‌లోనే ఉంటాయట. ఒక్కోదాంట్లోకీ వెళ్లి "నో షట్‌డౌన్" కొట్టాలి.

అది సరే. సెట్టింగుల్లోకి వెళ్లడానికి ముందు కొట్టాల్సిన "ఎనేబుల్" కమాండ్ కొట్టేటప్పుడు ఒక్క అక్షరం తేడా వచ్చిందా, అయిపోయామే! అదేదో కంప్యూటర్ పేరనుకుని "ట్రాన్స్‌లేటింగ్" అంటూ 255.255.255.255కి, అంటే నెట్‌వర్క్‌లో అందరికీ, కేకలేసి ఊరంతా వాకబు చేస్తుంది. కీబోర్డు ఎంత బాదినా ఉలకదు, పలకదు. ఆపాలంటే కంట్రోల్, షిఫ్ట్, 6 కలిపి నొక్కాలట. ఇది ఎవరికి కల్లోకొస్తుంది చెప్పండి? "నో ఐపీ డొమైన్-లుకప్" అని ముందే కొట్టిస్తే ఈ గోలే ఉండదు కదా సార్లూ? నెట్‌వర్క్ పనిని అంచెలుగా విడగొట్టి చెప్పే ఓఎస్ఐ ఏడు లేయర్లూ బట్టీ పట్టించే ఓపిక ఉంటుంది గానీ, ఈ ఒక్క ముక్క చెప్పడానికి నోరు రాదా?

కమాండ్ సగం కొట్టామో లేదో, "ఇంటర్‌ఫేస్ అప్" అంటూ మెసేజ్ మధ్యలో దూరుతుంది. ఎవడడిగాడు నిన్ను? సెట్టింగులు మార్చే కాన్ఫిగ్ మోడ్‌లో, ఉన్నవి చూపించే "షో" కొడితే చెల్లదు, ముందు "డూ" తగిలించాలి. మాస్క్ ఇంటర్‌ఫేస్‌కేమో (అంటే పోర్టుకి) 255.255.255.0, రౌటర్లు దారులు తెలుసుకునే ఓఎస్‌పీఎఫ్‌కేమో తిరగేసి 0.0.0.255. మాతో ఆటలా?

ఇంతా చేశాక కరెంటు పోతే? సేవ్ చేసే "కాపీ రన్ స్టార్ట్" కొట్టకపోతే అంతా హుష్‌కాకి. రౌటర్‌ని మళ్లీ స్టార్ట్ చేసే రీలోడ్ కొడితే మాత్రం "సేవ్ చేయనా" అని మర్యాదగా అడుగుతుంది. కరెంటు అడిగి పోతుందా?