ఆరు చుక్కలు, మూడు జవాబులు

మా అమ్మాయికి చదువు ఇంట్లోనే. మాష్టారు వాళ్ళ నాన్నే కాబట్టి సెలవు అడిగితే ఇచ్చేదీ ఆయనే, అడగకముందే తీసుకునేదీ ఆయనే.

మొదట్లో పిల్లకి అంకెలంటే మహా నమ్మకం. 2, 4 అని రాయగానే "తరవాత 6, అంతే కదా" అని పెన్సిల్ పడేసి లేచిపోయేది. 8 కూడా కావచ్చునే అంటే మూతి ముడుచుకునేది.

ఒకరోజు మావారు కంచం బోర్లించి వృత్తం గీశారు. దాని అంచు మీద చుక్కలు పెట్టి, ప్రతి చుక్కనీ మిగతా అన్నిటితో గీతలతో కలిపితే లోపల ఎన్ని ముక్కలవుతాయో లెక్కపెట్టాలి. ఒక చుక్కకి 1, రెండింటికి 2, మూడింటికి 4, నాలుగింటికి 8, అయిదింటికి 16. "చూశావా, రెట్టింపవుతోంది. ఆరింటికి 32!" అని ప్రకటించి, పాఠం అయిపోయినట్టే ఫోను అందుకున్నారు.

పిల్ల గీసి లెక్కపెట్టింది. 30 వచ్చాయి. "మిగతా రెండూ ఏవి నాన్నా?"

ఆయన కళ్ళజోడు సర్దుకుని లెక్కపెట్టారు. 30. కొత్త కాగితం మీద తనే గీశారు. 31. ఇంకోసారి లెక్కపెట్టి, గెలిచినవాడిలా 32 అన్నారు. "ఈ ముక్కని రెండుసార్లు లెక్కపెట్టావు" అని పిల్ల వేలు పెట్టి చూపించింది.

అసలు జవాబు 31. పిల్ల చుక్కల్ని సమానదూరంలో ముచ్చటగా పెట్టడంతో, ఎదురెదురు చుక్కల్ని కలిపే మూడు గీతలూ సరిగ్గా నడిమధ్యన ఒకేచోట కలిశాయి. ఆయనది వంకరటింకర బొమ్మ కాబట్టి ఆ మూడు గీతల మధ్యా బియ్యపు గింజంత త్రిభుజం మిగిలింది. అదే 31వ ముక్క. మా ఇంట్లో పనితనం లేకపోవడం వల్ల పని సరిగ్గా జరగడం అదే మొదటిసారి.

అక్కడితో పిల్లకి అన్నిటి మీదా అనుమానం పట్టుకుంది. ఇవాళ ఆదివారం, రేపు సోమవారం అంటే "ఏమో, చూద్దాం" అనేది. 1, 1+3=4, 1+3+5=9, ఇలా బేసి సంఖ్యల్ని వరసగా కూడితే ఎప్పుడూ వర్గసంఖ్యే వస్తుందంటే, ఎంత దూరం కూడి చూపించినా నమ్మలేదు. చివరికి గుండీలు పరిచింది. చదరానికి రెండు వైపులా ఒక్కో వరస చేర్చి మూల పూడిస్తే ఇంకా పెద్ద చదరం. ప్రతిసారీ కిందటిసారికంటే సరిగ్గా రెండు గుండీలే ఎక్కువ. "ఇది ఎందుకొస్తోందో తెలిసిపోయింది. ఇక తప్పదు" అని శాంతించింది. గుండీలు ఎక్కడివో మావారి చొక్కాలు చూశాక నాకూ తెలిసింది.

ఏ మూడు గీతలూ ఒకేచోట కలవకుండా పది చుక్కలు పెడితే మాత్రం 256 ముక్కలు, అంటే మళ్ళీ రెట్టింపుల వరసలోని సంఖ్యే వస్తుంది. ఆ సంగతి పిల్ల చెవిన ఇంకా వెయ్యలేదు. ఇల్లు కాస్త ప్రశాంతంగా ఉంది.

మొన్న కారుతున్న కుళాయి సంగతి ఎత్తాను. "వచ్చే ఆదివారం తప్పకుండా" అన్నారు మావారు. ప్రతి వారం ఇదే మాట అన్నాను.

"ఇన్ని వారాలు చెయ్యలేదని వచ్చే వారమూ చెయ్యడని ఎలా అంటావమ్మా?" అంది పిల్ల. మావారి మొహం వెలిగిపోయింది. "కారణం తెలియాలి కదా!" అంది పిల్లే మళ్ళీ.

"తెలుసే. సోఫాలో కాళ్ళు చాపుకుని ఉంది, చూడు."