దూరవిద్య: చేరడం సులువు, గట్టెక్కడమే కష్టం

పరవాడ ఫార్మా కంపెనీల్లో నైట్ షిఫ్ట్ చేసి పొద్దున్నే గాజువాకలో బస్సు దిగే కుర్రాళ్లని దూరవిద్యలో ఆదివారం ఎదురుగా కూర్చోబెట్టి చెప్పే కాంటాక్ట్ క్లాసుకి రమ్మంటే ఎంతమంది వస్తారు? వచ్చినా వెనక బెంచీలో కునుకే. దూరవిద్య పుట్టిందే ఇలాంటివాళ్ల కోసం, నడిపే పద్ధతి మాత్రం వాళ్లని చూసి పెట్టినట్టు ఉండదు.

ఈ విషయంలో తెలుగువాళ్లం ముందే మేల్కొన్నాం. మన ఆంధ్రా యూనివర్సిటీ 1972లోనే కరస్పాండెన్స్ కోర్సులు మొదలుపెట్టింది. 1982లో హైదరాబాద్‌లో పెట్టిన ఏపీ ఓపెన్ యూనివర్సిటీ, అంటే ఇప్పటి అంబేడ్కర్ వర్సిటీ, దేశంలోనే మొదటిది. దాని తొలి వీసీ జి.రాంరెడ్డే 1985లో కేంద్రం పెట్టిన ఓపెన్ వర్సిటీ ఇగ్నోకీ తొలి వీసీ అయ్యారు. ఇంటర్ లేకపోయినా అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరే వీలు అప్పట్లో చిన్న సంగతి కాదు. రాష్ట్రం విడిపోయాక ఆ వర్సిటీ తెలంగాణ వైపే ఉండిపోయింది, అది వేరే కథ.

తర్వాత దందా మొదలైంది. ఎక్కడో వేరే రాష్ట్రం వర్సిటీ పేరు చెప్పి, మన సందులో రెండు గదుల ఆఫీసు తెరిచి, 'పరీక్షల సంగతి మేం చూసుకుంటాం' అనే బాపతు. ఇంజినీరింగ్ కూడా అలాగే అమ్మారు. కొన్ని డీమ్డ్ వర్సిటీలు, అంటే వర్సిటీ హోదా ఇచ్చిన సంస్థలు, అనుమతి లేకుండా దూరవిద్యలో ఇచ్చిన ఇంజినీరింగ్ డిగ్రీలు చెల్లవని 2017 నవంబరులో సుప్రీంకోర్టు తేల్చేసరికి, వాటితో ఉద్యోగాల్లో ఉన్నవాళ్లకి టెన్షన్ పట్టుకుంది. 2020లో వర్సిటీలని అజమాయిషీ చేసే యూజీసీ నిబంధనలు బిగించింది: మామూలు వర్సిటీ దూరవిద్య నడపాలంటే నాణ్యత చూసి గ్రేడు ఇచ్చే న్యాక్ దగ్గర స్కోరు నాలుగుకి కనీసం 3.01 ఉండాలి, లేదా కేంద్రం ఇచ్చే ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకుల్లో తొలి వందలో నిలవాలి. ఫ్రాంచైజీలు కుదరవు. మంచిదే, కానీ ఇదంతా ఎవరు నడపాలన్న లెక్క, చేరినవాడు ఏం నేర్చుకున్నాడన్న లెక్క కాదు.

అసైన్‌మెంట్లే చూడండి. క్లాసు లేని చదువులో లెక్చరర్ విద్యార్థితో మాట్లాడేది ఆ కాగితం మీదే, 'ఇక్కడ తప్పావు, ఈ పాఠం మళ్లీ చదువు' అని మార్జిన్‌లో రాస్తే అదే పాఠం. ఇప్పుడు జిరాక్స్ షాపుల్లో జవాబులు రెడీమేడ్‌గా దొరుకుతాయి, ఎత్తి రాసి ఇచ్చేస్తే టిక్కు పడి మార్కులొస్తాయి, ఒక్క ముక్క వ్యాఖ్య ఉండదు. విద్యార్థిని తిట్టి లాభం లేదు, చదివేవాడు లేని జవాబు ఎవడు కష్టపడి రాస్తాడు? వీడియో పాఠాలు పెట్టేశాం కదా అంటారు. వీడియోకి అనుమానం అడగలేం.

డిగ్రీ రెగ్యులర్‌తో సమానమేనని 2022లో యూజీసీ మళ్లీ చెప్పింది, అయినా ఇంటర్వ్యూలో 'రెగ్యులరేనా?' అన్న ప్రశ్న తప్పట్లేదు. నా మటుకు ఒకటే అడుగుతాను: మూడేళ్ల కిందటి బ్యాచ్‌లో ఎంతమంది చేరారు, ఎంతమంది పాసై బయటపడ్డారు, ప్రతి వర్సిటీ అడ్మిషన్ ప్రకటనలోనే ఫీజు పక్కన వేయాలి.