ఎస్‌కేఏలో మన వంతు గంటలు మనలో ఎవరికి వెళ్తాయి?

ఎస్‌కేఏ అనే పెద్ద రేడియో టెలిస్కోపులో ఇండియా చేరుతోందని వార్త వచ్చినప్పట్నుంచి బెంగళూరులో మా తెలుగు బ్యాచ్‌లో సైన్స్ పిచ్చి ఉన్నోళ్లందరూ అడిగే మొదటి ప్రశ్న ఒకటే, 1,250 కోట్లు పెడుతున్నాం కదా, మరి మనకెన్ని గంటలిస్తారు అని. అడగడంలో తప్పేం లేదు. ఏ దేశం ఎంత పెడితే ఆ లెక్కన అబ్జర్వింగ్ టైమ్ ఇవ్వడమే అక్కడ పెట్టుకున్న పద్ధతి, కాబట్టి లెక్క అడగాల్సిందే. కానీ నా డౌట్ అక్కడ లేదు. ఆ గంటలు ఇండియా పేరు మీద వచ్చాక ఇండియాలో ఎవరి చేతికి వెళ్తాయి, దాని గురించి మాత్రం ఎవరూ నోరెత్తట్లేదు.

తెలియనోళ్లకి రెండు ముక్కల్లో చెప్తాను. ఎస్‌కేఏ రెండు చోట్ల కడుతున్నారు. పశ్చిమ ఆస్ట్రేలియాలో మర్చిసన్ అనే ఎడారి ప్రాంతంలో రెండు మీటర్ల ఎత్తు యాంటెన్నాలు 1,31,072, దక్షిణాఫ్రికాలో కరూ అనే చోట 197 డిష్‌లు, అందులో 64 ఇప్పటికే నడుస్తున్న మీర్‌కాట్ అనే టెలిస్కోపువి. హెడ్డాఫీసు ఇంగ్లండ్‌లో జోడ్రెల్ బ్యాంక్. 2022 డిసెంబరులో పని మొదలైంది, 2025 మార్చిలో ఆస్ట్రేలియా వైపు నుంచి మొదటి ఫొటో వచ్చింది, అది కూడా 1,024 యాంటెన్నాలతోనే. అంటే అసలు సినిమా ఇంకా మొదలవలేదు, రూల్స్ గురించి గొడవ పడాలంటే ఇదే టైమ్.

అసలు టెలిస్కోపు టైమ్‌కి ఇంత కొట్లాట ఎందుకంటే, రోజుకి 24 గంటలున్నా ఆ 24 గంటలూ ఒకటి కాదు. భూమి నక్షత్రాల లెక్కన 23 గంటల 56 నిమిషాలకే ఒక చుట్టు తిరిగేస్తుంది, అందుకే ఏ నక్షత్రమైనా నిన్నటికంటే ఇవాళ నాలుగు నిమిషాలు ముందే ఉదయిస్తుంది, నెల తిరిగేసరికి రెండు గంటల తేడా వచ్చేస్తుంది. మన గెలాక్సీ కేంద్రం ధనుస్సు రాశి వైపు ఉంటుంది, దాన్ని చూడాలనుకునేవాళ్లు వందల మంది, అది ఆకాశంలో బాగా పైకొచ్చే ఆ కొన్ని గంటల కోసం అందరూ ఎగబడతారు, అదే ఇంకో వైపు ఆకాశం పైకొచ్చే గంటలకి అడిగేవాళ్లు తక్కువ. పుణె దగ్గర ఖొడద్‌లో ఉన్న మన జీఎంఆర్‌టీ రేడియో టెలిస్కోపు నుంచి చూస్తే గెలాక్సీ కేంద్రం ఎంత పైకొచ్చినా దాదాపు 42 డిగ్రీలు దాటదు, కరూ నుంచి అయితే దాదాపు నడినెత్తికే వస్తుంది. కాబట్టి రేపు ఎస్‌కేఏ డిష్‌లు తెరవగానే ఆ గంటల మీద ఎంత రద్దీ ఉంటుందో చెప్పక్కర్లేదు.

పోనీ స్లాట్ దొరికిందే అనుకోండి. ఎనిమిది గంటలిచ్చారంటే ఎనిమిది గంటలూ మీ గెలాక్సీ మీదే పెట్టలేరు. ముందు 3సీ286 లాంటి, ఎంత వెలుగుందో అందరికీ తెలిసిన సోర్స్ మీద పది పదిహేను నిమిషాలు పెట్టి స్కేల్ సరిచూసుకోవాలి, ఆ తర్వాత ప్రతి అరగంటకో నలభై నిమిషాలకో ఒకసారి మీ టార్గెట్ పక్కనున్న ఇంకో సోర్స్ మీదకి తిప్పి ఐదారు నిమిషాలు ఫేజ్, అంటే డిష్‌లకి అందే తరంగాల వరస, సరిచూసుకోవాలి, చివర్లో మళ్లీ మొదటిదాని దగ్గరికి. తక్కువ ఫ్రీక్వెన్సీల్లో అయితే తెల్లవారేటప్పుడు పై వాతావరణంలోని అయనోస్ఫియర్ అనే పొర తిక్క చేస్తుంది. జీఎంఆర్‌టీలో ఉన్న ముప్పై డిష్‌లలో ఒకటో రెండో రిపేర్‌లో ఉంటాయి. ఎక్కడో మొబైల్ టవర్, పైన ఏదో శాటిలైట్, ఆ డేటా ముక్కలన్నీ ఏరి పారేయాలి. మిగిలినదే మీ సైన్స్. ఈ ఖర్చులన్నీ ముందే లెక్కేసి "నాకు ఇన్ని గంటలు కావాలి, ఇంతకంటే తగ్గితే పని అవ్వదు" అని రాయగలిగేవాడికే టైమ్ వస్తుంది, ఇది ఏ పుస్తకంలోనూ దొరకదు, పక్కన సీనియర్ కూర్చుని నేర్పాలి.

ఇక పంచడం. జీఎంఆర్‌టీలో ఏడాదికి రెండు సైకిళ్లు, ఏప్రిల్ నుంచి సెప్టెంబరు ఒకటి, అక్టోబరు నుంచి మార్చి ఇంకొకటి. ప్రపంచంలో ఎవరైనా ప్రపోజల్ పంపొచ్చు, రిఫరీలు చూస్తారు, టైమ్ అలొకేషన్ కమిటీ కూర్చుని తేలుస్తుంది, వచ్చిన డేటా పద్దెనిమిది నెలలు మీ దగ్గరే ఉంటుంది, ఆ తర్వాత అందరిదీ. మన పన్నుల డబ్బుతో గోవింద్ స్వరూప్ లాంటివాళ్లు కట్టిన దాన్ని విదేశాలవాళ్లకి ఫ్రీగా ఇస్తున్నామని అప్పుడప్పుడూ ఎవరో ఒకరు రుసరుసలాడుతుంటారు. నాకైతే అదే దాని గొప్పతనం అనిపిస్తుంది, ఎందుకంటే బయటివాళ్లతో పోటీ పడి రాసిన ప్రపోజల్స్ వల్లే మనవాళ్ల చెయ్యి తిరిగింది.

చిలీలో 5,000 మీటర్ల ఎత్తులో ఉన్న ఆల్మా టెలిస్కోపు లెక్క వేరు. 66 యాంటెన్నాలు, యూరప్‌కి 33.75 శాతం, ఉత్తర అమెరికాకి 33.75 శాతం, తూర్పు ఆసియాకి 22.5 శాతం, చోటిచ్చినందుకు చిలీకి 10 శాతం. ఏటా 1,600కి పైనే ప్రపోజల్స్ వస్తాయి. ఇన్ని చదవడానికి కమిటీలు సరిపోక 2021 నుంచి చాలావరకు కొత్త పద్ధతి పెట్టారు, ప్రపోజల్ పంపినవాళ్లే వేరేవాళ్లవి పది చదివి ర్యాంకులివ్వాలి, ఇవ్వకపోతే మీ ప్రపోజల్ చెత్తబుట్టలోకి. ఈ ఆలోచన 2009లోనే మైకేల్ మెరిఫీల్డ్, డొనాల్డ్ సారీ అనే ఇద్దరు రాశారు, చివరికి దారి అదే అయింది. దీంతో పాటు పేర్లు దాచేశారు కూడా, రాసింది ఎవరో చదివేవాళ్లకి తెలియదు, చదివింది ఎవరో రాసినవాళ్లకి తెలియదు.

పేర్లు దాస్తే ఏమవుతుందో హబుల్ టెలిస్కోపు దగ్గర ముందే తేలింది. 2018లో అక్కడ పేర్లు తీసేసి చదివితే, లెక్కలు తీసిన ఏళ్లలో మొదటిసారిగా ఆడవాళ్ల సక్సెస్ రేటు మగవాళ్లని దాటింది, 8.7 శాతానికి 8 శాతం. తేడా చిన్నదే, ఒక్క ఏడాది లెక్క పట్టుకుని ఊగిపోవాల్సిన పని లేదు, కానీ అన్నేళ్లూ ఒకవైపే మొగ్గిన తక్కెడ అటు కదిలిందంటే పేరు చూసి మార్కులేసే అలవాటు ఎంతో కొంత ఉన్నట్టే కదా.

అయితే పేరు దాచినా దాగనిది ఒకటుంది. ఆమధ్య సదాశివనగర్‌లో రామన్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ వైపు ఒక దర్శినిలో కాఫీ తాగుతూ ఒక పీహెచ్‌డీ అమ్మాయితో మాట్లాడాను, అనంతపురం వైపు పిల్ల, చదివేది అక్కడ కాదు, ఊళ్లో ఇంకో చోట, పేరెందుకులెండి. రెండుసార్లు ప్రపోజల్ తిప్పి పంపారంట. "కారణం ఏం రాశారమ్మా?" అంటే ఫోన్ తీసి చూపించింది, రెండు లైన్లు, సైన్స్ బాగుంది గానీ టైమ్ ఎందుకంత కావాలో సరిగ్గా వివరించలేదు అని. "అన్నా, సరిగ్గా వివరించడం అంటే ఎలాగో ఎవరన్నా చెప్తే కదా, మా గైడ్ థియరీ ఆయన, ఆయనకీ తెలీదు" అంది. కోపంగా కూడా కాదు, మామూలుగా చెప్పింది. ఇదే సైన్స్ పెద్ద ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్న పిల్లాడు రాస్తే పంపేముందే నలుగురు సీనియర్లు ఎర్రపెన్ను పట్టుకుని కూర్చుంటారు. పేరు లేకపోయినా ఆ ఎర్రపెన్ను జాడ పేజీ మీద కనిపిస్తుంది.

కాలువ నీళ్లు వంతుల మీద వదలడం చూసినవాళ్లకి ఇది కొత్తేం కాదు. కాలువకి నీళ్ల కేటాయింపు కాగితం మీద పక్కాగానే ఉంటుంది, మొదట్లో ఉన్నోళ్ల మళ్లు నిండాక చివరి ఆయకట్టుకి మట్టి వాసన మిగుల్తుంది. ఎస్‌కేఏలో ఇండియా వాటా కూడా అలా అవుతుందేమోనని నా భయం, ఎందుకంటే అక్కడ మొదటి కొన్నేళ్లలో టైమ్‌లో పెద్ద భాగం కీ సైన్స్ ప్రాజెక్టులని చెప్పే భారీ టీముల పనికి వెళ్లబోతోంది, వందల మంది, పది పదిహేను దేశాలు, వేల గంటలు. ఆ టీముల్లో సీటు ఉన్న ఇన్‌స్టిట్యూట్‌లకి టైమ్ దానంతటదే వస్తుంది, లేనివాళ్లు ఎంత అడిగినా బయటే.

పెద్ద టీములు వద్దనట్లేదు నేను. 2023 జూన్‌లో పల్సార్ల, అంటే గడియారంలా క్రమం తప్పకుండా రేడియో సిగ్నల్ పంపే నక్షత్రాల, టైమింగ్ చూసి చాలా నిదానంగా ఊగే గ్రావిటేషనల్ తరంగాల జాడ దొరికిందని చెప్పారు కదా, అందులో ఇన్‌పీటీఏ అనే మన పల్సార్ టీమ్ తీసిన జీఎంఆర్‌టీ డేటా కూడా ఉంది, ఏళ్ల తరబడి విడవకుండా అవే పల్సార్లని మళ్లీ మళ్లీ చూస్తే తప్ప అయ్యే పని కాదది, ఒంటరిగా ఎవడూ చేయలేడు. కానీ దానికి ఎదురుగా ఇంకోటి పెట్టి చూడండి. 2001లో ఆస్ట్రేలియాలోని పార్క్స్ టెలిస్కోపు మాజెల్లానిక్ క్లౌడ్స్ అనే పక్క గెలాక్సీల వైపు పల్సార్ల కోసం వెతుకుతూ డేటా తీసింది, ఆరేళ్ల తర్వాత లోరిమర్ అనే ఆయన దగ్గర డిగ్రీ చదివే కుర్రాడు ఆ పాత డేటా తిరగేస్తుంటే సెకనులో వందో వంతు కూడా లేని ఒక్క మెరుపు కనిపించింది, ఇవాళ ఫాస్ట్ రేడియో బరస్ట్ అని మనం పిలిచే సబ్జెక్టు మొత్తం అక్కడ పుట్టింది. దాని కోసం ఎవరూ ప్రపోజల్ రాయలేదు, రాసినా ఏ కమిటీ ఒప్పుకునేది కాదు.

టైమ్ కొంత చేతిలో అట్టిపెట్టుకోవడం ఈ రంగంలో కొత్తేం కాదు కూడా. 2017 ఆగస్టు 17న రెండు న్యూట్రాన్ నక్షత్రాలు ఢీకొన్నాయని తెలిసిన వెంటనే లైన్‌లో ఉన్నవాళ్లని పక్కకి జరిపి టెలిస్కోపులన్నీ అటు తిప్పారు, ఒకసారి చూసి వదిలేయలేదు, రేడియోలో వెలుగు సెప్టెంబరు 2న గానీ కనిపించలేదు, అంటే పదహారు రోజులు మళ్లీ మళ్లీ చూస్తూ పోయారు. డైరెక్టర్ చేతిలో కొన్ని గంటలు, హఠాత్తుగా జరిగేవాటికి కొన్ని గంటలు, ఇవన్నీ ఎప్పట్నుంచో ఉన్నవే. మరి మొదటిసారి అడిగేవాళ్లకి కొన్ని గంటలు ఉంచితే వచ్చే నష్టమేంటి?

ఈ మాట అనగానే, సైన్స్‌లో కూడా రిజర్వేషనా అని ఎవరో ఒకరు గ్యారంటీగా అంటారు. బాబూ, దేశాల వారీ వాటానే ఒక రిజర్వేషన్. ఇండియా గంటలు ఇండియాకి ఉంచమని బయట వాదించి, లోపలికొచ్చాక మెరిట్ మెరిట్ అనడం ఏం న్యాయం? చిలీకి ఆ 10 శాతం ఇవ్వకపోయి ఉంటే అక్కడి యూనివర్సిటీల్లో ఖగోళశాస్త్రం ఇంతలా పెరిగేదా? టైమ్ గ్యారంటీగా దొరుకుతుందని తెలిసాకే అక్కడ ప్రొఫెసర్లని తీసుకున్నారు, స్టూడెంట్లు చేరారు.

నా లెక్క ప్రకారం ఇండియా వాటాలో పదో వంతైనా భారీ టీములకి పోకుండా పక్కన పెట్టాలి. ఇంతవరకు ఏ పెద్ద టెలిస్కోపులోనూ పీఐగా, అంటే ప్రపోజల్‌కి ముఖ్య పరిశోధకుడిగా, టైమ్ రాని వాళ్లకి, చిన్న చిన్న గంటల్లో, పేర్లు దాచి చదివి. కాకపోతే ఊరికే గంటలిచ్చేస్తే కూడా లాభం లేదు. ఎస్‌కేఏ నుంచి ఏడాదికి దాదాపు 700 పెటాబైట్ల డేటా, దాన్ని దాచి లెక్కలు నడిపే రీజినల్ సెంటర్లకి వస్తుందని అంచనా, దాన్ని ఎవరూ ల్యాప్‌టాప్‌లో దించుకోలేరు, డేటా ఉన్నచోటే పని జరగాలి, మన దగ్గర పెట్టబోయే సెంటర్‌లో ఆ కంప్యూటింగ్ వాటా కూడా టైమ్‌తో పాటే రాయకపోతే చిన్న యూనివర్సిటీ పిల్లకి పది గంటలు వచ్చినా ఒకటే రాకపోయినా ఒకటే. ఇంకో విషయం, తిప్పి పంపిన ప్రతి ప్రపోజల్‌కీ రెండు లైన్లు కాదు, ఒక పేజీ రాయాలి, ఏ నంబరు తప్పింది, ఏ ఫిగర్ ఉండాల్సింది అని. కమిటీలో ఉన్న పెద్దలకి తీరిక ఉండదంటారు, నిజమే, కానీ ఆల్మాలో పది చదివి పది మీదా కామెంట్లు రాసే పని స్టూడెంట్ పీఐ మీద కూడా పడుతోంది కదా, పీహెచ్‌డీ లేకపోతే పక్కన ఒక మెంటర్‌ని పెట్టుకోమంటున్నారు అంతే, అలా చదివిన పది ప్రపోజల్సే ఆ స్టూడెంట్‌కి పెద్ద ట్రైనింగ్ అవుతున్నాయి.

బెంగళూరుకి ఇందులో ప్రత్యేకంగా బాధ్యత ఉంది. రామన్ ఇన్‌స్టిట్యూట్, కోరమంగలలో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆస్ట్రోఫిజిక్స్ (ఐఐఏ), ఐఐఎస్‌సీ అన్నీ ఒకే ఊళ్లో ఉన్నాయి, గౌరిబిదనూరులో రేడియో అబ్జర్వేటరీ ఉంది, అక్కణ్నుంచి హిందూపురం ఎంతో దూరం లేదు, ఆ చుట్టుపక్కల ఊళ్లలో చాలా ఇళ్లలో తెలుగే. మర్చిసన్‌లో ఎస్‌కేఏ కంటే ముందు కట్టిన ఎండబ్ల్యూఏ అనే రేడియో టెలిస్కోపు రిసీవర్ల పనిలో రామన్ ఇన్‌స్టిట్యూట్ చెయ్యి ఉంది, అంటే ఆ ఎడారితో మన సంబంధం ఇవాల్టిది కాదు. ఈ ఇన్‌స్టిట్యూట్‌లు ఏడాదికి రెండుసార్లు, జీఎంఆర్‌టీ డెడ్‌లైన్‌కి నెల ముందు, బయటి యూనివర్సిటీ స్టూడెంట్లని కూర్చోబెట్టి ప్రపోజల్ రాయించినా చాలు, చాలా మారుతుంది.

స్టూడెంట్లు ఎస్‌కేఏ దాకా ఆగక్కర్లేదు కూడా. జీఎంఆర్‌టీకి ప్రపోజల్స్ పంపే గడువు మామూలుగా జనవరి మధ్యలో ఒకసారి, జూలై మధ్యలో ఒకసారి ముగుస్తుంది, పీఐగా మీ పేరే పెట్టి పంపొచ్చు. గెలాక్సీ కేంద్రం లాంటి రద్దీ టార్గెట్ కాకుండా, ఆ ఆరు నెలల్లో ఏ గంటలకి గిరాకీ తక్కువో చూసుకుని అటువైపు ఉన్న సోర్స్ మీద నాలుగైదు గంటలు అడగండి, క్యాలిబ్రేటర్ టైమ్, అంటే ఆ స్కేల్, ఫేజ్ సరిచూసుకునే టైమ్, కలిపి అడగడం మాత్రం మర్చిపోకండి.